మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే (సెప్టెంబరు 22, 1791 - ఆగష్టు 25, 1867) ఇంగ్లండు దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక, రసాయన శాస్త్రవేత్త. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నవాడిగా, విద్యుద్విశ్లేషణ నియమాలను రూపొందించినవాడిగా, బెంజీనును మొదటిసారి వేరుచేసినవాడిగా ఈయన ప్రసిద్ధుడు. విద్యుత్ జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఈయన 1831లో కనుగొన్న సూత్రంపైనే పనిచేస్తాయి. పుర్రెను తెరవకుండా, శస్త్రచికిత్స లేకుండా మెదడును ఉత్తేజపరచే అయస్కాంత చికిత్సకు కూడా ఆ సూత్రమే మూలం. ఈ చికిత్స అల్జీమర్స్ వ్యాధికి ఎంతవరకు ఉపయోగపడుతుందన్న విషయమై అనేక దేశాలలో పరిశోధనలు జరుగుతున్నాయి.

ఫారడే స్వయంగా జ్ఞాపకశక్తి లోపంతో బాధపడ్డాడు. సుమారు 48 సంవత్సరాల వయసులో మొదలైన ఈ బాధ జీవితాంతం ఈయనను వెంటాడింది. జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్నా రెండు దశాబ్దాలకు పైగా పరిశోధన కొనసాగించడం ఈయన జీవితంలో చెప్పుకోదగిన విశేషం.

బాల్యం

ఫారడే లండన్‌కు దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు లండన్ నగరంలో కలిసిపోయింది. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. తల్లి మార్గరెట్. నలుగురు సంతానంలో మైకేల్ మూడవవాడు. తండ్రి తరచు అనారోగ్యంతో ఉండడం వలన కుటుంబం పేదరికంలో గడిచింది. 1801లో ధాన్యం ధరలు పెరిగినప్పుడు వారం రోజులకు ఒక రొట్టెతో సరిపెట్టుకోవలసి వచ్చిందని చెబుతారు.

ఈ కుటుంబం శాండెమనియన్లు అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. నిరాడంబరత, ధనసంపాదనపై అనాసక్తి ఈ శాఖవారి ముఖ్య లక్షణాలు. ఫారడే జీవితాంతం ఈ శాఖలోనే కొనసాగాడు. చదవడం, వ్రాయడం, లెక్కలు చేయడం మాత్రమే ఈయన బడిలో నేర్చుకున్నాడు. ఉన్నత గణితం ఈయనకు ఎన్నడూ పట్టుబడలేదు.

పుస్తకాల దుకాణంలో

13 ఏళ్ళ వయసులో ఫారడే జార్జి రిబో అనే పుస్తక వ్యాపారి వద్ద పత్రికలు అందించే కుర్రవాడుగా చేరాడు. మరుసటి సంవత్సరం, అనగా 1805లో, అక్కడే ఏడేళ్ళ ఒప్పందంపై పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకోసాగాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను చదవడానికి యజమాని అభ్యంతరం చెప్పలేదు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ రచించిన రసాయనశాస్త్ర గ్రంథం ఈయన ఆసక్తిని విజ్ఞానశాస్త్రం వైపు మళ్ళించాయి.

ఐజాక్ వాట్స్ అనే మతబోధకుడు మేధాభివృద్ధిపై వ్రాసిన పుస్తకం ఈయనపై మరింత ప్రభావం చూపింది. చదివినదీ విన్నదీ వెంటనే వ్రాసిపెట్టుకోవాలని ఆ పుస్తకం బోధించింది. ఫారడే ఈ పద్ధతిని 18 ఏళ్ళ వయసులోనే అలవరచుకున్నాడు. ఈ అలవాటే తరువాతి కాలంలో మరపుతో పోరాడవలసి వచ్చినప్పుడు ఈయనకు ప్రధాన ఆధారమైంది.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రవేశం

1812లో దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే ఖాతాదారు ఇచ్చిన టిక్కెట్లతో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. వాటిని బొమ్మలతో సహా శుభ్రంగా వ్రాసి, తానే అట్టకట్టి, ఉద్యోగం కోరుతూ డేవీకి పంపాడు. అది సుమారు 300 పుటల గ్రంథం. డేవీ మెచ్చుకున్నాడు గాని అప్పటికి ఖాళీ లేదు. తరువాత ప్రయోగశాలలోని సహాయకుడు ఒక కొట్లాట కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1813 మార్చి 1న ఆ స్థానంలో ఫారడేను నియమించారు. వారానికి 25 షిల్లింగుల జీతం, భవనం పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు ఇచ్చారు.

1813 అక్టోబరు నుండి 1815 ఏప్రిల్ వరకు ఫారడే డేవీ దంపతులతో ఫ్రాన్సు, ఇటలీ మొదలైన దేశాలలో పర్యటించాడు. డేవీ భార్య ఈయనను సేవకునిగానే చూసింది. ఆ అవమానం భరించలేక ఒక దశలో తిరిగి పుస్తకాల పనికే వెళ్ళిపోదామని అనుకున్నాడు. అయినా పారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో వోల్టాను చూసే అవకాశం ఈ యాత్ర వలననే కలిగింది.

తొలి పరిశోధనలు

1820లో డెన్మార్కు శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ విద్యుత్ ప్రవాహం వలన అయస్కాంత సూది కదులుతుందని కనుగొన్నాడు. 1821 సెప్టెంబరులో ఫారడే విద్యుత్తు ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ నిరంతరం తిరిగేలా ఒక సాధనం తయారు చేశాడు. విద్యుత్ మోటారుకు ఇదే తొలి రూపం. ఈ ప్రయోగాన్ని ప్రకటించేటప్పుడు వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త పేరు ప్రస్తావించలేదని వివాదం చెలరేగింది. 1824లో ఫారడే రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికైనప్పుడు అధ్యక్షుడుగా ఉన్న డేవీయే వ్యతిరేకించాడు.

1821 జూన్ 12న ఫారడే సారా బార్నార్డ్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి సంతానం కలుగలేదు. 1823లో క్లోరిన్ వాయువును ద్రవీకరించాడు. 1825లో బెంజీనును కనుగొన్నాడు. అదే సంవత్సరం ప్రయోగశాల సంచాలకుడయ్యాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంకాల ఉపన్యాసాలు, బాలబాలికల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు ఈయన కాలంలోనే ప్రసిద్ధి చెందాయి. 1833లో అక్కడే రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

విద్యుదయస్కాంత ప్రేరణ

విద్యుత్తు అయస్కాంతత్వాన్ని కలిగించగలిగితే, అయస్కాంతత్వం విద్యుత్తును కలిగించగలదా? ఈ ప్రశ్నకు ఫారడే 1831 ఆగష్టు 29న సమాధానం కనుగొన్నాడు. ఆరు అంగుళాల వ్యాసం గల ఇనుప వలయానికి ఇరువైపులా రెండు వేరువేరు తీగచుట్టలు చుట్టాడు. మొదటి చుట్టను బ్యాటరీకి, రెండవ చుట్టను అయస్కాంత సూది సమీపంగా పోయే తీగకు కలిపాడు. బ్యాటరీని కలిపిన క్షణంలో సూది కదిలింది. తరువాత ప్రవాహం నిలకడగా సాగుతున్నంతసేపూ కదలిక లేదు. బ్యాటరీని తీసివేసిన క్షణంలో సూది మళ్ళీ, ఈసారి వ్యతిరేక దిశలో, కదిలింది.

దీనిలోని రహస్యం మార్పు. అయస్కాంత క్షేత్రం స్థిరంగా ఉన్నప్పుడు పక్కనే కదలక ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టదు. క్షేత్రం పెరుగుతున్నప్పుడు గాని తగ్గుతున్నప్పుడు గాని మాత్రమే పుడుతుంది. మార్పు ఎంత వేగంగా జరిగితే అంత బలమైన విద్యుత్తు కలుగుతుంది. అక్టోబరు 17న ఒక తీగచుట్టలోనికి అయస్కాంతపు కడ్డీని దూర్చి, తీసి, ఇదే ఫలితాన్ని పొందాడు. అక్టోబరు 28న అయస్కాంత ధ్రువాల మధ్య రాగిపళ్ళెం తిప్పి నిరంతర ప్రవాహం సాధించాడు. ప్రపంచంలో తొలి జనరేటరు ఇదే. నవంబరు 24న ఈ ఫలితాలను రాయల్ సొసైటీలో చదివి వినిపించారు.

ఇతర పరిశోధనలు

1833-34లో ఫారడే విద్యుద్విశ్లేషణ నియమాలను ప్రకటించాడు. ఎలక్ట్రోడు, ఆనోడు, కాథోడు, అయాను అనే పదాలు విలియం హ్యూవెల్ అనే పండితుని సహాయంతో ఈయన వాడుకలోకి తెచ్చినవే. 1836లో లోహపు గూడు లోపలికి బయటి విద్యుత్ క్షేత్రం ప్రవేశించదని నిరూపించాడు. దీనినే ఫారడే పంజరం అంటారు. ఆ సంవత్సరం నుండి దీపస్తంభాలను నిర్వహించే ట్రినిటీ హౌస్ సంస్థకు శాస్త్ర సలహాదారుగా కూడా పనిచేశాడు.

అయస్కాంతం చుట్టూ ఉన్న ప్రదేశాన్ని ఫారడే బలరేఖలతో నిండినదిగా ఊహించాడు. గణితం లేకుండా చెప్పిన ఈ భావనను చాలామంది సమకాలికులు పట్టించుకోలేదు. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దానిని సమీకరణాలుగా మలచిన తరువాత ఆధునిక భౌతికశాస్త్రానికి అది పునాది అయింది.

జ్ఞాపకశక్తి క్షీణత

1839 చివరలో ఫారడే ఆరోగ్యం దెబ్బతిన్నది. తలతిప్పు, తలనొప్పి, అన్నిటికంటె ముఖ్యంగా మరపు ఈయనను బాధించాయి. వైద్యులు పూర్తి విశ్రాంతి అవసరమన్నారు. 1841లో భార్యతోను, ఆమె సోదరునితోను స్విట్జర్లాండు వెళ్ళి మూడు నెలలు గడిపాడు. అక్కడ కొండదారులలో రోజుకు పదుల మైళ్ళు నడవగలిగాడు. శరీరం దృఢంగానే ఉంది. జ్ఞాపకం మాత్రం పట్టు తప్పుతూ వచ్చింది. సుమారు నాలుగేళ్ళపాటు పెద్ద పరిశోధనలు ఏవీ సాగలేదు.

తాను చేస్తున్న ప్రయోగాన్ని తానే కొంతకాలం క్రితం పూర్తిచేసి మరచిపోయినట్లు పాత నోటుపుస్తకాల వలన తెలుసుకున్న సందర్భం కూడా ఉన్నది. స్నేహితులకు వ్రాసిన ఉత్తరాలలో తన మరపు గురించి దాపరికం లేకుండా తెలియజేసేవాడు. స్విట్జర్లాండుకు చెందిన రసాయనశాస్త్రవేత్త షోన్‌బైన్‌కు వ్రాసిన లేఖలలో ఈ ప్రస్తావన పదేపదే వస్తుంది.

ఈ కష్టానికి ఫారడే కనుగొన్న ఉపాయం వ్రాత. 1832 నుండి తన ప్రయోగశాల దినచర్యలో ప్రతి పేరాకు వరుస సంఖ్య వేసేవాడు. ఈ సంఖ్య చివరకు 16 వేలు దాటింది. ఫలానా విషయం ఏ సంఖ్య గల పేరాలో ఉన్నదో సూచికలు తయారు చేసుకొనేవాడు. జరిగిన ప్రయోగం విజయమైనా, విఫలమైనా వ్రాసేవాడు. ఈ విధంగా మెదడు నిలుపుకోలేని దానిని కాగితంపై నిలిపాడు.

ఈ కాలంలోనే ఈయన గొప్ప ఆవిష్కరణలలో రెండు జరిగాయి. 1845 సెప్టెంబరులో అయస్కాంత క్షేత్రం గాజులో ప్రయాణించే కాంతి ధ్రువణ తలాన్ని తిప్పుతుందని కనుగొన్నాడు. కాంతికి, అయస్కాంతత్వానికి సంబంధం ఉందని తెలియజేసిన మొదటి ప్రయోగం ఇది. అదే సంవత్సరం చివరలో డయా అయస్కాంతత్వాన్ని వివరించాడు.

ఫారడేకు కలిగిన వ్యాధి ఏదన్న విషయమై అనేక అభిప్రాయాలున్నాయి. ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పీల్చిన పాదరసపు ఆవిరి కారణం కావచ్చునని కొందరు, అధిక శ్రమ వలన కలిగిన మానసిక అలసట అని కొందరు భావించారు. అల్జీమర్స్ వ్యాధిని జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదటిసారి వివరించినది 1906లో, అనగా ఫారడే మరణించిన 39 ఏళ్ళకు. మెదడు కణజాలాన్ని పరిశీలించకుండా, లేఖలలోని వర్ణనలను బట్టి మాత్రమే ఫారడేకు ఆ వ్యాధి ఉన్నదని గాని, లేదని గాని నిర్ధారించడం సాధ్యం కాదు. మధ్యలో కోలుకొని ఉన్నతస్థాయి పరిశోధన చేయడం, బాధ ఇరవై ఏళ్ళకు పైగా సాగడం అల్జీమర్స్ వ్యాధి సాధారణ క్రమానికి భిన్నంగా ఉన్నాయి.

బల్లల కదలికపై పరీక్ష

1853లో ఇంగ్లండులో ఆత్మలను పిలిచే వేడుకలు ఎక్కువయ్యాయి. కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చొని చేతులు ఆనించగా బల్ల తనంతట తానే తిరిగేది. కొందరు దీనికి విద్యుత్తు, అయస్కాంతత్వం కారణమన్నారు. ఫారడే దీనిని కొట్టివేయకుండా పరీక్షకు పెట్టాడు. చేతులకు, బల్లకు మధ్య మెత్తని జిగురుతో అంటించిన అట్టముక్కల దొంతర ఉంచాడు. బల్ల ముందు కదిలితే క్రింది అట్ట ముందుకు జరగాలి. చేతులు ముందు కదిలితే పై అట్ట జరగాలి. పై అట్టయే జరిగింది. కూర్చున్నవారు తమకు తెలియకుండానే బల్లను తోస్తున్నారు. చేతుల కదలికను చూపే ముల్లును వారి కళ్ళయెదుట అమర్చగానే బల్ల తిరగడం ఆగిపోయింది.

ఆ మనుషులు మోసగాళ్ళు కారని ఫారడే గ్రహించాడు. జరగాలని గట్టిగా కోరుకున్నది జరుగుతున్నట్లే మనిషికి తోస్తుంది. ఆ కోరికను పక్కకు తప్పించి నిజాన్ని చూపగలిగేలా ప్రయోగం ఉండాలన్నది ఈయన పద్ధతి. నేటి వైద్య పరిశోధనలలో ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూడడంలోని తర్కం కూడా ఇదే.

చివరి సంవత్సరాలు

ఫారడే రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు వద్దన్నాడు. సర్ బిరుదును కూడా స్వీకరించలేదు. క్రిమియా యుద్ధకాలంలో విషవాయువుల తయారీకి సహకరించడానికి నిరాకరించాడు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు వద్ద ఈయనకు ఒక ఇల్లు ఇచ్చింది. 1860-61లో కొవ్వొత్తి రసాయన చరిత్రపై ఇచ్చినవి ఈయన చివరి క్రిస్మస్ ఉపన్యాసాలు. అవి పుస్తకంగా వెలువడి అనేక భాషలలోకి అనువాదమయ్యాయి.

1862 మార్చి 12న చేసినది ఈయన చివరి ప్రయోగం. అయస్కాంత క్షేత్రం జ్వాలలోని వర్ణపట రేఖలను మారుస్తుందేమోనని పరీక్షించాడు. ఏ మార్పూ కనబడలేదు. ఆ మార్పును 1896లో హాలెండుకు చెందిన జీమన్ శక్తివంతమైన పరికరాలతో చూడగలిగాడు. ఆ పనికి 1902లో నోబెల్ బహుమతిలో భాగం పొందాడు. 1862 జూన్ 20న ఫారడే చివరి శుక్రవారం ఉపన్యాసం ఇచ్చి, తన జ్ఞాపకశక్తి సహకరించడం లేదని తెలిపి వేదిక నుండి విరమించాడు.

ఆ తరువాత లేఖలు వ్రాయడం కూడా కష్టమైంది. మాటలు పొందికగా రాక, వ్రాసినదానిని మళ్ళీమళ్ళీ చించివేసేవాడు. 1865లో మిగిలిన బాధ్యతలు వదులుకున్నాడు. భార్య సారా, మేనకోడలు జేన్ బార్నార్డ్ ఈయనను చూసుకున్నారు. 1867 ఆగష్టు 25న తన గదిలో కుర్చీలో కూర్చొని ఉండగా మరణించాడు. ఈయన కోరిక మేరకు ఆడంబరం లేకుండా హైగేట్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

మెదడు ఉత్తేజన చికిత్సకు మూలం

మెదడు కణాలు పరస్పరం విద్యుత్ సంకేతాల ద్వారా, రసాయనాల ద్వారా వ్యవహరిస్తాయి. కాబట్టి బయటి నుండి స్వల్ప విద్యుత్తును పంపి వాటిని ప్రభావితం చేయవచ్చునన్న ఆలోచన పాతదే. గాల్వానీ మేనల్లుడు ఆల్డిని 19వ శతాబ్ది ఆరంభంలోనే తలకు బ్యాటరీ విద్యుత్తు తగిలించి ప్రయోగాలు చేశాడు. అయితే చర్మం, పుర్రె ఎముక విద్యుత్తును చాలావరకు అడ్డుకుంటాయి. బలం పెంచితే నొప్పి కలుగుతుంది. అయస్కాంత క్షేత్రానికి ఎముక అడ్డు కాదు. ఫారడే సూత్రం ఇక్కడ ఉపయోగపడింది.

1896లో ఫ్రాన్సుకు చెందిన దార్సోన్‌వాల్ పెద్ద తీగచుట్ట లోపల తల ఉంచినవారికి కళ్ళలో వెలుగులు మెరిసినట్లు కనబడడాన్ని నమోదు చేశాడు. 1910లో ఇంగ్లండు శాస్త్రవేత్త సిల్వానస్ థాంప్సన్ ఇటువంటి ప్రయోగమే చేశాడు. 1898లో ఫారడే జీవితచరిత్ర వ్రాసినది ఈయనే. ఆ మెరుపులకు ప్రధాన కారణం కంటి రెటీనా ఉత్తేజం పొందడమని తరువాత తేలింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్, ఆయన సహచరులు తలపై ఉంచిన చిన్న తీగచుట్టతో మెదడులోని చలన ప్రాంతాన్ని ఉత్తేజపరచి, నొప్పి లేకుండా చేతి కండరాలను కదిలించారు.

ఈ సాధనం పనిచేసే విధానం 1831 నాటి ఇనుప వలయాన్ని పోలి ఉంటుంది. కెపాసిటరులో నిలువచేసిన విద్యుత్తు సెకనులో వెయ్యవవంతు కంటె తక్కువ కాలంలో తీగచుట్ట గుండా ప్రవహిస్తుంది. దాని వలన ఒకటి, రెండు టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టి వెంటనే తగ్గిపోతుంది. వేగంగా మారే ఈ క్షేత్రం పుర్రెను దాటి, మెదడు పైపొరలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. తలపై ఉన్నది మొదటి తీగచుట్ట అయితే, రెండవ తీగచుట్ట స్థానంలో మెదడే ఉంటుంది. సాధారణ తీగచుట్టల ప్రభావం పైనుండి రెండు, మూడు సెంటీమీటర్ల లోతు వరకే ఉంటుంది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ ఇంకా లోతుగా ఉంటుంది. అందుచేత దానితో సంబంధం గల పైపొర ప్రాంతాలను ఉత్తేజపరచి పరోక్షంగా దానిని చేరడానికి ప్రయత్నిస్తారు.

స్పందనలను వరుసగా, అనేక రోజులపాటు ఇస్తే నాడీకణాల మధ్య సంధులు బలపడతాయని పరిశోధకుల ఆశ. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందులకు లొంగని కుంగుబాటుకు ఈ చికిత్సను అనుమతించింది. వాడుకలో కరెంటు షాకు అనే చికిత్సకు ఇది భిన్నమైనది. దీనికి మత్తు అవసరం లేదు, మూర్ఛ తెప్పించడం దీని ఉద్దేశం కాదు. తలపై అతికించిన పట్టీల ద్వారా ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పంపే మరొక పద్ధతి కూడా పరిశోధనలో ఉంది.

అల్జీమర్స్ వ్యాధిలో ప్రయోగాలు

2006లో ఇటలీ పరిశోధకులు అల్జీమర్స్ వ్యాధి గల 15 మందికి నుదుటి వెనుకనున్న మెదడు ప్రాంతంపై అయస్కాంత స్పందనలు ఇచ్చారు. ఆ సమయంలో బొమ్మలలోని పనుల పేర్లు చెప్పడం వారికి కొంత సులభమైంది. 2022లో రోమ్ నగర పరిశోధకులు 50 మంది రోగులతో 24 వారాల అధ్యయనాన్ని ప్రచురించారు. మెదడు వెనుక పైభాగాన ఉండే ప్రిక్యూనియస్ అనే ప్రాంతాన్ని సగంమందిలో నిజంగా ఉత్తేజపరచి, మిగిలినవారికి ఉత్తుత్తి తీగచుట్ట వాడారు. నిజమైన చికిత్స పొందినవారి స్థితి ఆ కాలంలో దాదాపు నిలకడగా ఉన్నది. రెండవ వర్గంవారి స్థితి క్షీణించింది.

ఈ ఫలితాలు ఆశాజనకమే గాని నిర్ణాయకం కావు. రోగుల సంఖ్య తక్కువ, కాలం తక్కువ. 2019లో అయస్కాంత ఉత్తేజనను మానసిక అభ్యాసాలతో జోడించిన ఒక పరికరం విషయంలో అమెరికా నిపుణుల సంఘం ఆధారాలతో తృప్తి చెందలేదు. మెదడులో పేరుకొనే అమిలాయిడ్, టౌ అనే ప్రోటీనులను ఈ చికిత్స తొలగిస్తుందని మనుషులలో నిరూపణ కాలేదు. నశించిన కణాలు తిరిగి రావు. కాబట్టి దీనిని వ్యాధిని నయంచేసే చికిత్సగా చెప్పడానికి వీలులేదు.

చికిత్స చేసేటప్పుడు తలనొప్పి, నెత్తిపై అసౌకర్యం కలుగవచ్చు. అరుదుగా మూర్ఛ వస్తుంది. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో అమర్చిన వినికిడి పరికరాలు ఉన్నవారికి, మూర్ఛవ్యాధి గలవారికి ఇది ప్రమాదకరం కావచ్చు. ఇక జ్ఞాపకశక్తి పెంచుతాయంటూ అమ్మే అయస్కాంతపు టోపీలు, పట్టీలు వేరు. స్థిరమైన అయస్కాంతం కదలని తీగచుట్టలో విద్యుత్తును పుట్టించలేదని ఫారడే 1831లోనే చూపాడు. అటువంటి టోపీ మెదడులోనూ విద్యుత్తును ప్రేరేపించలేదు.

తెలుగునాట

పాఠశాల భౌతికశాస్త్రంలో ఫారడే నియమాలు తెలుగు విద్యార్థులందరికీ పరిచితమే. ఆ నియమాల వినియోగం హైదరాబాదులో ఒకే ప్రాంతంలో రెండు విధాలుగా కనబడుతుంది. తెలుగు సినిమా పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ పరిసరాలలో చిత్రీకరణ స్థలాలకు వచ్చే జనరేటరు వ్యాన్లలో డీజిల్ ఇంజను తీగచుట్టలను, అయస్కాంతాలను ఒకదానికొకటి సాపేక్షంగా తిప్పుతుంది. ఆ విద్యుత్తుతోనే దీపాలు వెలుగుతాయి. 1988లో జూబ్లీహిల్స్‌లో ప్రారంభమైన అపోలో ఆసుపత్రి వంటి చోట్ల మెదడును పరీక్షించే ఎం.ఆర్.ఐ. యంత్రాలు రోగి శరీరం నుండి వచ్చే సంకేతాలను తీగచుట్టలలో ప్రేరణ ద్వారానే గ్రహిస్తాయి.

జ్ఞాపకశక్తి లోపాలపై హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధన ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వీరిలో 391 మంది రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారికంటె వీరిలో వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరంలో నిత్యం భాషలు మార్చి మాట్లాడడం మెదడుకు ఒక విధమైన వ్యాయామమని పరిశోధకులు అభిప్రాయపడ్డారు.

భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అనగా 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ముసలితనపు మతిమరుపుగా భావించి అనేక కుటుంబాలు వైద్యుని వద్దకు వెళ్ళడం లేదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిను లోపం, కుంగుబాటు వంటి సరిచేయదగిన కారణాల వలన కూడా మరపు రావచ్చు. కనుక తొందరగా పరీక్ష చేయించుకోవడం అవసరం. అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవారికి నోటుపుస్తకం, గోడపై పట్టిక, వస్తువులకు పేర్లు వ్రాసిన చీటీలు వంటి సహాయాలను వైద్యులు నేటికీ సూచిస్తారు. ఫారడే తన ప్రయోగశాలలో అనుసరించిన మార్గం కూడా ఇటువంటిదే.

గుర్తింపు

విద్యుత్ ధారణశక్తికి ప్రమాణమైన ఫారడ్‌కు ఈయన పేరు మీదనే ఆ పేరు వచ్చింది. అయస్కాంత ఉత్తేజన సాధనంలోని కెపాసిటరు సామర్థ్యాన్ని కొలిచేది ఈ ప్రమాణంతోనే. 1991 నుండి 2001 వరకు ఇంగ్లండులో చెలామణీలో ఉన్న 20 పౌండ్ల నోటుపై ఈయన చిత్రం ఉండేది. 1831లో వాడిన ఇనుప వలయాన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రపరచారు. సంఖ్యలు వేసి వ్రాసుకున్న ఈయన దినచర్య 1930లలో అనేక సంపుటాలుగా అచ్చయింది.